రోడ్డు ఆగిన ఊరు

డెన్వర్ నుంచి పడమటికి బయల్దేరి, కొలరాడో దాటి యూటాలో అడుగుపెట్టాక ఐ-70 హైవే మీద చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. ఉత్తరాన బూడిదరంగు బుక్ క్లిఫ్స్ కొండలు, దక్షిణాన ఎడారి. చాలామంది ఏసీ పెంచుకుని గ్రీన్ రివర్ దాకా ఆగకుండా పోతారు. కొందరు మాత్రం సరిహద్దు దాటిన కాసేపటికే హైవే దిగి, పగుళ్లిచ్చిన పాతరోడ్డు పట్టుకుంటారు. అది సిస్కోకి వెళ్తుంది. కూలిన కప్పులు, తలుపుల్లేని చెక్క ఇళ్లు, తుప్పు పట్టిన కార్లు... ఊరంటే ప్రధానంగా అంతే!

అయినా అక్కడ కారాపి, నడిరోడ్డు మీద నిలబడి ఫొటోలు తీయించుకుంటారు. 'వానిషింగ్ పాయింట్' సినిమాలో కొవాల్‌స్కీ తెల్లకారు బుల్‌డోజర్లను గుద్దుకుని పేలిపోయింది ఇక్కడే మరి.

రిచర్డ్ సరాఫియన్ దర్శకత్వంలో 1971లో వచ్చిన ఈ సినిమా కథ ఒక్క ముక్కలో అయిపోతుంది. తెల్లటి డాడ్జ్ ఛాలెంజర్‌ను డెన్వర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి చేర్చాలి. గడువుకన్నా ముందే చేరతానని కొవాల్‌స్కీ పందెం కాస్తాడు. పోలీసులు ఆపమంటే ఆపడు. ఎందుకు ఆపడు? దొంగతనం చేయలేదు, హత్య చేయలేదు. వియత్నాంలో సైనికుడు, తర్వాత పోలీసు, ఆ తర్వాత రేసు డ్రైవరు అని మధ్యమధ్య పాత సంగతులు చూపిస్తారుగానీ (నిజానికి సినిమాలో నీరసమైన భాగం అదే) కారణం మాత్రం చెప్పరు. అభిమానులు యాభై ఏళ్లుగా మళ్లీమళ్లీ చూస్తున్నది ఆ చెప్పనిదాని కోసమే. ఎవరి కారణం వాళ్లు ఆ స్టీరింగు వెనక కూర్చోబెట్టుకోవచ్చు.

స్క్రీన్‌ప్లే రాసింది కూడా ఊరు వదిలి వచ్చినవాడే. తెరమీద గియెర్మో కెయిన్ అని పడుతుంది. అసలు మనిషి క్యూబా నుంచి ప్రవాసం వెళ్లిన నవలాకారుడు గియెర్మో కబ్రేరా ఇన్‌ఫాంతే. ఛేజింగ్‌లు నడిపించిన కేరీ లాఫ్టిన్ అంతకుముందు 'బులిట్'కీ పనిచేసినవాడు. 2007లో టారంటినో తన 'డెత్ ప్రూఫ్'లో అమ్మాయిల చేత ఏరికోరి తెల్ల ఛాలెంజరే నడిపించాడంటే ఈ సినిమా మీద మోజుతోనే.

కథలో ఆ ఊరు కాలిఫోర్నియాలో ఉంటుంది. షూటింగ్ మాత్రం ఈ యూటా సిస్కోలో. ఆఖర్న పేలింది కూడా ఛాలెంజర్ కాదు, ఇంజిను తీసేసిన 1967 కమారో డొప్ప! ఆ దృశ్యాన్ని ఆపి ఆపి చూస్తే తెలిసిపోతుంది. తెలిసినా ఎవరూ పట్టించుకోరు.

సిస్కో పుట్టింది 1880లలో, ఆవిరి ఇంజన్లకు నీళ్లు పట్టే మజిలీగా. చుట్టుపక్కల గొర్రెల మందల్ని ఇక్కడికి తోలుకొచ్చి ఉన్ని కత్తిరించి రైలెక్కించేవారు. డీజిల్ ఇంజన్లు వచ్చాక నీళ్ల అవసరం తీరిపోయింది. మిగిలింది రోడ్డు వ్యాపారమే... పెట్రోలు బంకు, తిండి. ఐ-70 కొన్ని మైళ్ల అవతలగా పోవడంతో అదీ పోయింది. బైపాస్ పడిన ఊళ్ల కథ మనకూ కొత్తేం కాదు. ఊరు ఇలా ఖాళీ అవుతున్న రోజుల్లోనే సినిమావాళ్లు దిగారు. తెరమీద కొవాల్‌స్కీ కోసం రోడ్డు పక్కన గుమిగూడిన జనాన్ని చూస్తే, ఆ ఊళ్లో అంత సందడి అదే ఆఖరేమో అనిపిస్తుంది.

ఈమధ్య కొద్దిమంది మళ్లీ వచ్చి ఉంటున్నారు. పాత గుడిసెల్ని బాగుచేసుకుంటున్నారు. శిథిలాలే కదా అని తలుపులు తోసుకుని వెళ్లే యాత్రికులంటే వాళ్లకు విసుగు. అది న్యాయమే. రోడ్డు మీది నుంచి చూసి రావడం మర్యాద. పెట్రోలు మాత్రం గ్రాండ్ జంక్షన్‌లోనే నింపుకోవాలి.

ఇక్కడి నుంచి 128వ నంబరు రోడ్డు కొలరాడో నది పక్కనే ఎర్రకొండల మధ్య మెలికలు తిరుగుతూ మోయాబ్ వైపు దిగుతుంది. 1991 నాటి 'థెల్మా అండ్ లూయీస్'లో ఇద్దరు స్నేహితురాళ్లు కారును లోయలోకి దూకించింది కూడా మోయాబ్ దగ్గరే. కథలో గ్రాండ్ కాన్యన్ అంటారు, అదీ ఇలాంటి తిరకాసే.

సిస్కో పక్కన పట్టాలు ఇంకా ఉన్నాయి. షికాగో నుంచి కాలిఫోర్నియా వెళ్లే జెఫిర్ రైలు ఈ ఊరి మీదుగానే పోతుంది. ఆగదు.