ఇప్పచెట్టు కింద పోయిన ముక్కు

విజయనగరం-రాయపూర్ రైలు మార్గం 1931లో పూర్తయినప్పటి నుంచీ మావైపు జనం ఆ బండెక్కి వెళ్లి అక్కడే ఉండిపోతున్నారు. మా అప్పావాళ్లదీ ఆ కథే. రాయపూర్ రైల్వే కాలనీలో కాపురం. "ఒరే తమ్ముడూ, దీనికి నువ్వైనా చెప్పరా" అని ఫోన్ చేస్తే ఏప్రిల్ నెలాఖరులో వెళ్లాను.

'ఇది' నా మేనకోడలు. శ్రావణంలో పెళ్లి. ముక్కుదూలం మీద చిన్న గూను ఉంది. మా నాన్నదీ అదే ముక్కు, నాదీ అదే. పెళ్లిలోపు దాన్ని చెక్కించేసుకోవాలని దాని పట్టు.

అది ముందే మాట్లాడి పెట్టుకున్న క్లినిక్‌కి మొదట వెళ్లాం. డాక్టరు కనిపించలేదు. కోటు వేసుకున్న కుర్రాడొకడు దాని ఫొటోని ట్యాబ్‌లో పెట్టి, వేలితో గూనుని తుడిచేశాడు. రెండు నిమిషాల్లో మా పిల్ల మొహానికి ఎవరో సినిమా నటి ముక్కు వచ్చింది. ఆఫర్ నెలాఖరు వరకేనట. కోసేదెవరు, ఏం చదివారు అని అడిగితే "సార్ చాలా సీనియర్" అన్నాడు. ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీయా, ఈఎన్‌టీయా అని రెట్టిస్తే నీళ్లు నమిలాడు. మా ఇంట్లో ఈ ముక్కుతోపాటు దానిమీద కోపం కూడా వంశపారంపర్యమే. లేచి వచ్చేశాం.

మర్నాడు ప్రభుత్వాసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ ఓపీకి తీసుకెళ్లాను. బెంచీ మీద మా పక్కన తువ్వాలు కప్పుకున్న మనిషి కూర్చున్నాడు. గాలికి తువ్వాలు జారింది. నుదుటి చర్మాన్ని కోసి, కనుబొమ దగ్గర కాడ తెగకుండా కిందికి మడిచి, ముక్కుండాల్సిన చోట కుట్టారు. కొత్త చోట రక్తం పారడం మొదలయ్యేదాకా, అంటే దాదాపు మూడు వారాలు, ఆ కాడ అలాగే ఉండాలి. తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరుకోవడానికి వెళ్తే ఎలుగుబంటి మీద పడిందట. ఉత్తర బిలాస్‌పూర్ అడవుల్లో 1998 ఏప్రిల్ నుంచి 2000 డిసెంబరు దాకా ఎలుగులు 137 మందిని గాయపరిచాయని, వాళ్లలో 11 మంది పోయారని పరిశోధకులు రాశారు. ఆయన మాత్రం మొహం మాటే ఎత్తడం లేదు. సీజనంతా పోయిందని, పువ్వంతా పక్కవాళ్లే ఏరుకుపోయారని పెళ్లాం దగ్గర సణుగుతున్నాడు.

ఈ కుట్టు మన దేశపుదే. టిప్పు మనుషులు ముక్కు కోసిన కవాస్జీ అనే బండివాడికి పుణే దగ్గర ఇటుకల పనివాళ్ల కులస్థుడొకడు ఇలాగే నుదుటి చర్మంతో ముక్కు చేశాడు. ఆ సంగతి 1794లో లండన్‌లో జెంటిల్‌మన్స్ మ్యాగజీన్ అచ్చువేసింది. 1814లో అక్కడి కార్ప్యూ అనే డాక్టరు చేసి చూశాడు. పోయిన ముక్కు తెచ్చిపెట్టిన విద్య ఇప్పుడు ఉన్న ముక్కుకి వంక వెతికే బేరం అయిందే అని నా బాధ.

మా వంతు వచ్చింది. డాక్టరుగారు ఫొటోలేవీ అడగలేదు. చల్లటి స్టీలు రేకు ముక్కు కింద పెట్టి, "ఊపిరి వదులు బేటీ" అన్నారు. రేకు మీద రెండు ఆవిరి మచ్చలు పడ్డాయి. ఎడమది సగమే ఉంది. ఎడమ చెంపని వేలితో పక్కకి లాగి మళ్లీ పీల్చమన్నారు. "ఇప్పుడు హాయిగా ఉంది" అంది ఆశ్చర్యంగా. ముక్కు లోపలి నడిమి గోడ ఎడమకి వంగిందట. రాత్రిళ్లు నోరు తెరిచి పడుకుంటుందని మా అప్ప ఎన్నేళ్లుగా మొత్తుకుంటోందో!

ఆ గూను ఊరికే తీసేస్తే ఇరుకు దారి మరింత ఇరుకవ్వచ్చని చెప్పారు. తేడా ఎక్కడ కనబడిందని అడిగితే సెల్ఫీ చూపించింది. అడుగు దూరంలో తీసిన సెల్ఫీలో ముక్కు దాదాపు 30 శాతం ఎక్కువ వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కగట్టారట. వాపు పూర్తిగా దిగడానికి ఏడాది పట్టచ్చు. కొన్ని వారాలు కళ్లజోడు ముక్కుమీద ఆనకూడదు. కొందరికి రెండోసారి కోయాల్సి వస్తుంది, అప్పుడు చెవిలోంచో పక్కటెముకలోంచో మెత్తటెముక తీసి పెట్టాలి. వద్దని మాత్రం అనలేదు. "పెళ్లి కానీ. తర్వాత కూడా ఇదే కావాలనిపిస్తే రా, గాలి దారి, గూను రెండూ ఒకేసారి చూద్దాం" అన్నారు. తొందరపెట్టలేదు గనక ఆ చేతుల మీద నాకు నమ్మకం కుదిరింది.

మా పిల్ల ఇంకా ఏమీ తేల్చుకోలేదు. ఆఫర్ గడువు మరో నెల పొడిగించామని క్లినిక్ నుంచి మెసేజ్ వచ్చింది.