ఎస్తెవెల్‌లో లాడీ

ఉత్తర ఫ్రాన్స్‌లో లాన్స్ పట్నం దాటాక నేలంతా చదును. అక్కడక్కడ నల్లగా పైకి లేచి కనబడేవి కొండలు కావు, మూతపడ్డ బొగ్గు గనుల మట్టి దిబ్బలు. గోదావరిఖనిలో పెరిగినవాణ్ణి, వాటిని చూస్తే పరాయి దేశంలో ఉన్నట్టే అనిపించలేదు. లీల్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు కారు నడుపుతున్నాడు.

"ఎస్తెవెల్‌లో చూడ్డానికేముంది మామయ్యా?"

"లాడీ ఉన్నాడురా."

ఇంద్రలాల్ రాయ్ ముద్దుపేరు అది. 1898లో కలకత్తాలో పుట్టాడు, లండన్‌లో చదివాడు. 1911లో ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం లండన్ వీధుల్లో ఊరేగింపుగా నడిచిన లలితా రాయ్ కొడుకు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరబోతే చూపు ఆనదని తిప్పి పంపారు. మోటారు సైకిలు అమ్మేసి, ఆ డబ్బుతో పేరున్న కంటి డాక్టరు దగ్గర మళ్ళీ పరీక్ష చేయించుకుని మరీ చేరాడు.

1917 డిసెంబర్ 6న అతని విమానం కూలింది. పోయాడనుకుని శవాల గదిలో పెట్టారనీ, తెలివొచ్చి తలుపు బాదాడనీ చెబుతారు. మంచాన ఉన్న రోజుల్లో విమానాల బొమ్మలు గీసుకున్నాడు. ఎగరడానికి పనికిరావన్నా పట్టు వదల్లేదు. 1918 జూన్‌లో 40వ స్క్వాడ్రన్‌కి వచ్చాడు. జులై 6 నుంచి 19 లోపు ఆకాశపోరులో పది విజయాలు. 8వ తేదీన నాలుగు గంటల్లో మూడు!

అతని గురించి రాసినవాళ్ళంతా ఆ పదీ లెక్కపెడతారు. నా మనసు మాత్రం అంతకు ముందరి ఆర్నెల్ల దగ్గరే ఆగిపోతుంది. చావు గడప దాకా వెళ్ళొచ్చిన కుర్రాడు. నేల మీదే ఉండిపోతానంటే తప్పుపట్టే మనిషి లేడు. అయినా మళ్ళీ ఆ కాక్‌పిట్‌లోకే ఎక్కాడు. ఆ రోజుల్లో బ్రిటిష్ ఫైటర్ పైలట్లకు పారాచూట్ కూడా ఇచ్చేవారు కాదు.

జులై 22న, ఇక్కడికి దగ్గర్లోని కార్వాన్ మీద, జర్మన్ ఫోకర్లతో జరిగిన పోరులో కూలిపోయాడు. అప్పటికి ఈ ఊళ్ళన్నీ జర్మన్ల చేతుల్లో ఉన్నాయి.

ఎస్తెవెల్ శ్మశానం చేరాం. పెద్ద సైనిక శ్మశానమేమీ కాదది. ఊరివాళ్ళ సమాధుల మధ్యే అతనిదీ ఉంది. రాతి మీద ఫ్రెంచితో పాటు బెంగాలీ అక్షరాలు కనబడగానే గొంతు పూడుకుపోయింది. మావాడు తేదీలు లెక్కేసుకుని, "పంతొమ్మిదేళ్ళేనా!" అని తలమీది టోపీ తీశాడు. డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ దక్కిన మొదటి భారతీయుడితను. దాన్ని ప్రకటించింది సెప్టెంబర్‌లో. ఆ పతకం తల్లికి ఏపాటి ఓదార్పు?

కారెక్కాక మావాడే అడిగాడు, నూవ్ షాపెల్ ఎంత దూరం అని. ఆ యుద్ధంలో సమాధి కూడా దక్కని 4,700 మందికి పైగా భారత సైనికుల పేర్లు అక్కడి గోడ మీద చెక్కి ఉన్నాయి. లీల్ దారి వదిలేసి అటు తిరిగాం.