ఎనిమిది లైన్లు

రోల్ రైడాని లైవ్‌లో చూశానని చెప్పగానే మా క్లాస్‌లో అందరూ అడిగింది ఒకటే: "సెల్ఫీ దిగావా?" దిగలేదు. స్టేజీకీ నాకూ మధ్య కనీసం ఇరవై వరసల జనం ఉన్నారు. తీసిన ఒక్క వీడియోలో ఆయనకన్నా నా ముందున్నవాడి మోచెయ్యే ఎక్కువ కనిపిస్తుంది. అయినా ఆ రాత్రి గురించి రాయాలనిపించింది. దానికి కారణం సగం ఆయన, సగం మీరు. పోయినేడాది ఫ్రెషర్స్ డే రోజు నేను ర్యాప్ చేస్తే చప్పట్లు కొట్టింది మీరే కదా.

ముందు కాన్సర్ట్ సంగతి చెప్తాను.

సాగర్ రోడ్డులో ఒక కాలేజీ ఫెస్ట్‌కి ఆయన వస్తున్నాడని తెలిసింది. మాది దిల్‌సుఖ్‌నగర్. పెద్ద షోలు అంటే ఎప్పుడూ గచ్చిబౌలి వైపే. మేము అమీర్‌పేటలో రైలు మారి, రాయదుర్గంలో దిగి, మళ్ళీ ఆటో ఎక్కి వెళ్ళాలి. ఆఖరి మెట్రో పోతుందేమోనని ఆఖరి పాట వినకుండానే పరిగెత్తుకు రావాలి. ఈసారి ఆయనే మా వైపు వస్తున్నాడు. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్... మూడే స్టేషన్లు. అక్కడి నుంచి సాగర్ రింగ్ రోడ్డు దాకా షేర్ ఆటో, తర్వాత బస్సు. ఇంట్లో "ప్రాజెక్ట్ వర్క్" అని చెప్పి బయల్దేరాను. అమ్మ ఈ మ్యాగజైన్ చదవదన్న ధైర్యంతో ఇది రాస్తున్నా.

ఒక్కడినే వెళ్ళాను. అసలు ఈ పాటల పిచ్చి మొదలైంది మాత్రం ఇద్దరికి.

2018లో బిగ్‌బాస్ రెండో సీజన్ వచ్చింది. అందులోనే మేము రోల్ రైడాని మొదటిసారి చూశాం. అసలు పేరు రాహుల్ కుమార్ వేల్పుల అని, మన హైదరాబాదే అని తెలిసి, మా గల్లీలో ఎవరో అన్నయ్య టీవీలోకి వెళ్ళినట్టు ఫీలయ్యాం. ఆ సెప్టెంబర్‌లోనే ఎల్బీనగర్ దాకా మెట్రో కూడా వచ్చింది. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. మేము అంటే నేనూ, వాడూ. వాడి పేరు ఇక్కడ రాయొచ్చా అని అడిగితే "వద్దు" అన్నాడు. అందుకే వాడు అనే రాస్తున్నా.

వాడు మా వెనక గల్లీలో ఉండేవాడు. వాళ్ళ నాన్న కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో హమాలీ. వాడిది గవర్నమెంట్ స్కూల్, తెలుగు మీడియం. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగు పేపర్ అంటే నాకు మ్యాథ్స్ కన్నా భయం. పాటలో అర్థం కాని మాట వస్తే వాడే చెప్పేవాడు. నేను పలికింది తప్పైతే నవ్వి నవ్వి కిందపడేవాడు. "కళ్ళు" అనమంటే నాకు "కల్లు" అని వచ్చేది. "నాలుక వెనక్కి మడువురా, నువ్వు తాగే కల్లు చెప్తున్నవ్, చూసే కళ్ళు గాదు" అనేవాడు.

సంక్రాంతికి మేడ మీద పతంగులు ఎగరేస్తూ రోల్ రైడా "పతంగ్" పాట నేర్చుకున్నాం. ర్యాప్‌లో అసలు కష్టం స్పీడ్ కాదు, ఊపిరి. ఎక్కడ గాలి పీల్చుకోవాలో ముందే ప్లాన్ చేసుకోకపోతే నాలుగో లైన్‌కే దమ్ము అయిపోతుంది. మాకది తెలీదు. అందుకే ఒక లైన్ నేను, ఒక లైన్ వాడు అని పంచుకున్నాం. ఒకడు పాడుతుంటే ఇంకొకడు గాలి పీల్చుకుంటాడు. న్యూయార్క్‌లో రన్ డీఎంసీ వాళ్ళు 1980ల్లోనే ఇలా మాటలు పంచుకుని పాడేవాళ్ళని తర్వాత ఎప్పుడో యూట్యూబ్‌లో చూశాను. కానీ వాడి తాత అంతకన్నా ముందే చెప్పాడు. ఆయనది నల్గొండ వైపు, బుర్రకథలు బాగా చూసిన మనిషి. మమ్మల్ని చూసి, "మీల ఎవడ్రా కథకుడు? ఎవడు వంత?" అని అడిగాడు. ఇద్దరం ఒకేసారి "నేనే కథకుణ్ణి" అన్నాం.

లాక్‌డౌన్‌లో మేమే ఒక వర్స్ రాశాం. మామూలుగా ర్యాప్‌లో ఒక వర్స్ అంటే పదహారు బార్‌లు. మావి పదహారు లైన్లు, వాడివి ఎనిమిది, నావి ఎనిమిది. మార్కెట్ గురించి రాశాం. తెల్లవారుజామున వచ్చే మామిడి లారీలు, వాళ్ళ నాన్న భుజం మీది కాయ, ఇంటి దగ్గర ఎదురుచూసే వాళ్ళమ్మ కళ్ళు. నాకు తెలుగు టైపింగ్ రాదు కాబట్టి మొత్తం ఇంగ్లిష్ అక్షరాల్లో నా ఫోన్ నోట్స్‌లో ఎక్కించాను. నా ఎనిమిది లైన్లు రైమ్ కోసం రాసినవి. వాడివి చూసి రాసినవి. ఆ తేడా నాకు అప్పుడే తెలుసు.

2021లో మార్కెట్‌ని బాటసింగారానికి మార్చారు. పాత మార్కెట్ స్థలంలో ఇప్పుడు టిమ్స్ హాస్పిటల్ కడుతున్నారు. పని ఎటు పోతే మనిషీ అటే కదా. వాళ్ళ ఇల్లు కూడా హయత్‌నగర్, పెద్దఅంబర్‌పేట దాటి అవతలికి పోయింది. నేను ఇంటర్‌లో పడ్డాను. ముందు రోజూ ఫోన్, తర్వాత ఆదివారం ఫోన్, తర్వాత పండగలకి మెసేజ్. గొడవేమీ జరగలేదు.

ఆ తర్వాత మన ఫ్రెషర్స్ డే. మీరు విన్నది ఆ పదహారు లైన్లే. మొత్తం ఒక్కడినే ఊపిరి ఆపుకుని చెప్పడానికి వారం రోజులు బాత్రూమ్‌లో ప్రాక్టీస్ చేశాను. అయ్యాక యాంకర్ మైక్‌లో "సొంతంగా రాశావా?" అని అడిగింది. "అవును" అన్నాను. ఒక్క మాట. వాడి పేరు చెప్పడానికి ఇంకో రెండు సెకన్లు పట్టేదంతే. ఎక్కువ చప్పట్లు వచ్చినవి వాడి లైన్లకే. వీడియో ఇన్‌స్టాలో పెట్టాను, క్యాప్షన్‌లో నా పేరే. రాత్రికి వాడు చూశాడు. బొటనవేలి ఎమోజీ ఒకటి పెట్టాడు. ఆ తర్వాత సంక్రాంతికి కూడా మెసేజ్ రాలేదు.

హిప్‌హాప్‌లో ఇంకొకడి లైన్లు ఎత్తేయడాన్ని బైటింగ్ అంటారు. అంతకన్నా పెద్ద తిట్టు ఉండదు. ఇది నేను జూనియర్లకి లెక్చర్ ఇచ్చి మరీ చెప్పాను.

ఇక ఆ రాత్రి. దుమ్ము, లైట్లు, గుండెల్లో కొట్టే బేస్. ఆయన స్టేజీ మీదకి రాగానే నా గొంతు నాకే వినబడనంతగా అరిచాను. "పతంగ్" మొదలైంది. ఇన్నేళ్ళలో కొన్ని వందలసార్లు పాడిన పాట. మొదటి లైన్ గట్టిగా అందుకున్నాను. రెండో లైన్‌కి నోరు ఆగిపోయింది. మూడోది మళ్ళీ వచ్చింది. నాలుగోది రాలేదు. మర్చిపోలేదు, ప్రతి మాటా తెలుసు. కానీ నా ఊపిరి ఆ పాటని అలాగే నేర్చుకుంది. వాడి లైన్ రాగానే గాలి పీల్చుకోవడానికి ఆగుతోంది. పక్కన ఎవడూ అందుకోవట్లేదు. అంటే చుట్టూ వందలమంది అందుకుంటున్నారు, కానీ వాడు లేడు.

ఆయన మైక్ జనం వైపు చాపాడు. అది కూడా వాడి లైనే. నా పక్కన ఉన్న అబ్బాయి నన్ను చూసి, "పాట రాదా బ్రో?" అని చెవిలో అరిచాడు.

"సగం వచ్చు" అన్నాను.

షో అయ్యేసరికి లేటైంది. ఎల్బీనగర్ చౌరస్తాలో దిగాను. ఒక పక్క మెట్రో మెట్లు, ఇంకో పక్క హయత్‌నగర్ బోర్డు పెట్టుకున్న బస్సు. బస్సు ఎక్కానని రాస్తే కథ బాగుండేది. ఎక్కలేదు. ఆ టైమ్‌లో వాళ్ళింటికి వెళ్ళి ఏం చెప్పాలో తెలీలేదు. ఫ్లైఓవర్ కింద నిలబడి వాయిస్ మెసేజ్ పెట్టాను. ముందు సారీ చెప్పాను. స్టేజీ మీద "అవును" అన్న సంగతి కూడా చెప్పాను, వీడియోలో అది లేదు కాబట్టి వాడికి తెలీదు. తర్వాత మా వర్స్‌లో నా ఎనిమిది లైన్లు పాడాను. వాడి లైన్ల దగ్గర పాడకుండా ఆగాను. ఆ ఖాళీల్లో ఆటోల హారన్లు రికార్డయ్యాయి. ఇంటికొచ్చి ఆ పాత వీడియో కింద క్యాప్షన్ మార్చాను: "ఇందులో బాగున్న ఎనిమిది లైన్లు నావి కావు."

మీకూ అదే చెప్తున్నా. ఆ రోజు మీరు కొట్టిన చప్పట్లలో సగానికి పైగా వాడికి బాకీ.

పొద్దున్నే రిప్లై వచ్చింది, తెలుగు అక్షరాల్లో. కూడబలుక్కుని చదవడానికి నాకు కాస్త టైమ్ పట్టింది. సారీ గురించి ఏమీ అనలేదు. ఒకటే లైన్ ఉంది:

"ఇంక గూడ మా అమ్మ కల్లు అనే అంటున్నవ్ గదరా."

అప్పటి నుంచి రోజూ మెట్రోలో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కిన దగ్గర్నుంచి, నాలుక వెనక్కి మడిచి ప్రాక్టీస్ చేస్తున్నా. ఎదురు సీట్లో వాళ్ళు వింతగా చూస్తున్నారు. వచ్చే ఆదివారం బాటసింగారం వైపు వెళ్తున్నాను. ఆ లోపు "ళ" రావాలి.