సామాన్యుని మహలు

నిజాంపేటలో నివసించు నేటి బాలునకు సినిమా చూచుట అనగా అంగడిలోనికి పోవుటయే. కూకట్‌పల్లి వైపుననో గచ్చిబౌలి వైపుననో ఒక పెద్ద వాణిజ్య భవనము ఉండును. అందు కదలు మెట్లపై నిలుచుండి, బట్టల దుకాణములను, చెప్పుల దుకాణములను దాటి పై అంతస్తునకు చేరినచో, అక్కడ పలు తెరలు వరుసగా అమర్చబడి యుండును. టిక్కెట్టు కూడ కాగితము కాదు. చేతనున్న ఫోనులో కనబడు ఒక గుర్తు. ఆ బాలుని తాతగారి కాలమున సంగతి వేరు. సినిమా హాలు అన్నంతనే ఒక ప్రత్యేక భవనము, దాని పేరు, దాని ముంగిట నిలిచిన జనసమూహము కన్నులకు కట్టుచుండెను. ఆ భవనముల కథ ఇటుకల కథ మాత్రమే కాదు. వాటిలో ఎవరెవరు కూర్చుండగలిగిరి అనునదియే అందలి ముఖ్యాంశము.

కదలు బొమ్మల విద్య పుట్టిననాడు దానికి సొంత ఇల్లు లేదు. 1895 డిసెంబరు 28వ తేదీన పారిస్ నగరమున లూమియర్ సోదరులు ఒక కాఫీ హోటలు నేలమాళిగలో డబ్బు పుచ్చుకొని తమ చిత్రములను చూపిరి. కొలది మాసములకే, 1896 జూలై 7వ తేదీన, ఆ వింత బొంబాయిలోని వాట్సన్ హోటలునకు వచ్చెను. అక్కడ ప్రవేశ రుసుము ఒక రూపాయి. ఆ దినములలో కూలివాడు కొన్ని దినములు కష్టించిన గాని రూపాయి చేతికి రాదు. కావున ఆ వింత మొదట కలవారి వేడుకగనే ఉండెను.

దానిని పదిమందికి చేర్చిన తెలుగువారిలో ప్రథముడు రఘుపతి వెంకయ్య. 1869లో మచిలీపట్టణమున జన్మించిన ఆయన మద్రాసులో ఛాయాచిత్రశాలను నడుపుచుండెను. బొమ్మను, గ్రామఫోను ధ్వనిని జతపరచి చూపు క్రోనోమెగాఫోను అను యంత్రమును ఆయన కొని, విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శించెను. పిమ్మట దానిని వెంటగొని పలు పట్టణములు, సింహళము, బర్మా తిరిగి వచ్చి, మద్రాసులో గెయిటీ అను చిత్రమందిరమును నిర్మించెను. 1921లో పోతిన శ్రీనివాసరావు విజయవాడలో మారుతి అను హాలును స్థాపించెను. ఆంధ్రదేశమున మొదటి సినిమా హాలు అదియేనని ప్రసిద్ధి. ఆ నగరముననే దుర్గా కళామందిరము తరువాత వెలసెను.

ఆనాటి హాళ్ళ పేర్లను కొంచెము పరికించినచో ఒక విశేషము గోచరించును. విజయవాడవారు తమ హాళ్ళకు దేవతల పేర్లు పెట్టుకొనిరి. హైదరాబాదువారు మహళ్ళ పేర్లు పెట్టిరి: మోతీ మహల్, జమ్రుద్ మహల్, యాకుత్ మహల్. మోతీ అనగా ముత్యము; జమ్రుద్ అనగా పచ్చ; యాకుత్ అనగా కెంపు. సైనికుల దండు విడిసిన సికింద్రాబాదులో ప్లాజా, టివోలి, పారడైజ్ అను ఆంగ్ల నామములు వెలసినవి. పారడైజ్ అనగా స్వర్గము. నిజాము ప్రభువు కొలువులో అడుగిడు భాగ్యము లేని టాంగావాడు సాయంకాలమున కొద్ది అణాలు చెల్లించి కెంపుల మహలులో రెండున్నర గంటలు కూర్చుండుచుండెను. రాజుల మహళ్ళలో ప్రవేశమునకు పుట్టుక కావలెను. ఈ మహళ్ళలో టిక్కెట్టు చాలును.

అట్లని హాలులో అందరును సమానులే అనుకొనరాదు. తెరకు అతి సమీపమున నేల, దాని వెనుక బెంచీలు, ఆ వెనుక కుర్చీలు, పైన బాల్కనీ. స్త్రీలకు వేరుగా స్థలము, కొన్ని చోట్ల పరదాయు ఉండెను. నేల టిక్కెట్టు కొన్నవాడు ఒక ద్వారమున, బాల్కనీ టిక్కెట్టు కొన్నవాడు మరియొక ద్వారమున ప్రవేశించుచుండిరి. అయినను ఒక చమత్కారమును గమనింపవలెను. నాటకశాలలో ముందు వరుస ధనికునిది. సినిమా హాలులో ముందు వరుస పేదవానిది. దీపములు ఆరిన పిమ్మట జమీందారుగారును, జట్కావాడును ఒకే కథను చూచి ఒకే క్షణమున నవ్వుచుండిరి. నేలవారు ఈలలు వేసి మెచ్చిన చిత్రము నూరు దినములు ఆడును. వారు పెదవి విరిచినచో బాల్కనీ నిండినను దానికి ఆయువు చాలదు.

1931లో ఆలం ఆరా, 1932లో భక్త ప్రహ్లాద వెలువడిన పిదప బొమ్మకు మాట వచ్చెను. హాళ్ళకు టాకీసు అను పేరు వచ్చెను. ఊరిలోనికి క్రొత్త చిత్రము వచ్చినదనుటకు గుర్తుగా బండికి రంగుల బొమ్మలు కట్టి, తప్పెటలు మ్రోగించుచు, కరపత్రములు వెదజల్లుచు వీధివీధి త్రిప్పుచుండిరి. పలు హాళ్ళలో ఘంటసాల కంఠమున వేంకటేశ్వరస్తుతి వినబడినంతనే బయటనున్నవారు ఆట మొదలగునని గ్రహించి లోనికి పరుగిడుచుండిరి. విశ్రాంతి వేళ వేరుసెనగ కాయలు, సోడాలు, పాటల పుస్తకములు అమ్ముడుపోవుచుండెను.

ఇంతటి సంబరమునకు ఆధారమైనవాడు మాత్రము ఎవరికిని కనబడెడివాడు కాడు. అతడు ప్రొజెక్టరు నడుపు ఆపరేటరు. వెయ్యి అడుగుల ఫిల్ము సుమారు 11 నిమిషములు నడచును. ఒక యంత్రముపై రీలు ముగియుచుండగనే రెండవ యంత్రమును నడిపింపవలెను. ఆ మార్పు ప్రేక్షకునకు తెలియరాదు. బొగ్గు కడ్డీల నడుమ మండు వెలుగును సరిచూచుచు అతడు ఆ వేడి గదిలో ఆట యంతయు నిలుచుండెడివాడు. కొన్ని సమయములలో ఒకే ప్రతిని రెండు హాళ్ళలో ఆడించెడివారు. అప్పుడు ముగిసిన రీళ్ళను సైకిలుపై మోసికొని పోవు కుఱ్ఱవాని కాళ్ళ సత్తువపైననే రెండవ హాలులోని కథ ఆధారపడి యుండెను.

నగరము పెరిగినకొలది హాళ్ళును దాని వెంట నడచినవి. హైదరాబాదు నుండి బొంబాయి పోవు రహదారి వెంట ఎఱ్ఱగడ్డలో గోకుల్, మూసాపేటలో శ్రీరాములు, కూకట్‌పల్లిలో అర్జున్, భ్రమరాంబ, మల్లికార్జున వెలసినవి. నిజాంపేట పొలముల నడుమనున్న పల్లెగా ఉన్న కాలమున పెద్ద తెరపై బొమ్మ చూడగోరువారు ఆ రహదారికే రావలసి యుండెను. శ్రీశైల దేవతల పేర్లు ధరించిన హాళ్ళు కూకట్‌పల్లి కర్మాగారముల కార్మికులకును, చుట్టుపట్ల గ్రామముల రైతులకును వినోదము పంచినవి.

పిదప కాలము మారెను. 1977లో హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రము ప్రారంభమయ్యెను. బొమ్మ ఇంటిలోనికే వచ్చెను. నగరమున భూమి వెల ఆకాశమునంటెను. వేయి ఆసనముల హాలు నిండుట అరుదైనప్పుడు, ఆ స్థలముపై దుకాణములు కట్టుటయే లాభమని యజమానులకు తోచెను. ఇది మన నగరమునకే కలిగిన విపత్తు కాదు. 1927లో న్యూయార్కు నగరమున సుమారు 6,000 ఆసనములతో తెరువబడిన రాక్సీ థియేటరు సినిమా మహళ్ళలో మేటి యని పేరొందెను. అదియు 1960లో నేలమట్టమయ్యెను. సికింద్రాబాదులోని పారడైజ్, సంగీత్ హాళ్ళు అట్లే అదృశ్యమైనవి. అమీర్‌పేటలో సత్యం థియేటరు ఉండిన చోట 2023లో ఏ.ఏ.ఏ. అను మల్టీప్లెక్సు తెరువబడెను. 2018లో గచ్చిబౌలిలో ఏడు తెరలతో ఏ.ఎం.బి. వెలసెను. దేవతల పేర్లు, రత్నముల పేర్లు పోయి పొడి అక్షరములు పేర్లయినవి.

ఈ మార్పునకు హైదరాబాదులో నాంది పలికినది 2003లో హుస్సేన్ సాగరు తీరమున వెలసిన ప్రసాద్స్. అది ఎల్.వి. ప్రసాద్ కుటుంబమువారి నిర్మాణము. ఏలూరు ప్రాంతపు పల్లెలో పుట్టిన ఆ మహనీయుడు యౌవనమున బొంబాయి చేరి, చిన్న చిన్న పనులతో పొట్ట పోసికొనుచు, ఒక సినిమా హాలు ద్వారమున టిక్కెట్లు చూచి జనులను లోనికి పంపు కొలువు చేసెను. తరువాత దర్శకుడై, నిర్మాతయై, 1982 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును పొందెను. గేటు కాచిన చేతులు కళారంగమున ఇంతటి ఎత్తునకు చేరుటకు ఆ గేటు తెరచి యుండుటయే గదా కారణము!

పాత హాళ్ళను అతిగా పొగడుట న్యాయము కాదు. వాటిలో నల్లులు కుట్టెను, పొగచుట్టల కంపు కొట్టెను, వేసవిలో ఉక్కపోసెను. టిక్కెట్లను దొంగచాటున హెచ్చు ధరకు అమ్మెడివారును ఉండిరి. నేటి హాళ్ళు చల్లనివి, శుభ్రమైనవి, ధ్వని స్పష్టము, స్త్రీలు నిశ్చింతగా వచ్చి కూర్చుండగలరు. ఈ మేళ్ళు గొప్పవే. కాని నేల తరగతి మాత్రము వాటిలో లేదు. ఇప్పుడు వాణిజ్య భవనమున నలుగురు సభ్యుల కుటుంబము టిక్కెట్లు కొని, విశ్రాంతి వేళ పేలాలు తిని వచ్చుటకగు వ్యయము దినకూలికి మోయరాని భారము. ఆ భవనమునకు ఇటుకలెత్తిన తాపీపనివాడు, దాని ద్వారమున నిలిచిన కావలివాడు అందలి చిత్రమును చూడజాలకున్నచో, అది ఎంత చల్లనిదైనను దాని యందు ఒక లోటు ఉన్నట్లే.

నిజాంపేట విద్యార్థి జె.ఎన్.టి.యు. వద్ద మెట్రో రైలునెక్కి, అమీర్‌పేటలో బండి మారి సికింద్రాబాదు వైపు పోయినచో, పారడైజ్ అను స్టేషను వచ్చును. ఆ పేరు వినగానే పలువురకు బిర్యానీ జ్ఞప్తికి వచ్చును. 1953లో ఆ హోటలు ఒక చిన్న ఫలహారశాలగా మొదలైనది పారడైజ్ సినిమా హాలును ఆనుకొనియే. హాలు పోయెను, దాని పేరు హోటలునకు, కూడలికి, స్టేషనునకు మిగిలెను. రాజు కట్టించిన కోట పేరును చరిత్రకారుడు నిలుపును. ఈ పేరును నిలిపినవారు దినదినము టిక్కెట్టు కొని లోనికి పోయిన సామాన్యులు. రేపటి నగరమును నిర్మింపబోవువారు నేటి విద్యార్థులే. వారు కట్టు మందిరములలో తెర ఎంత పెద్దదైనను కావచ్చును. నేల టిక్కెట్టువానికి అందు చోటుండునా అని మాత్రము వారు ముందుగా యోచింపవలెను.