ఎదుటి కోలు

మేముండే నివాసంలో ఉదయం ఆరున్నరకు గంట మోగుతుంది. ముప్పై నాలుగేళ్లు కళాశాల గంట విని తరగతి గదిలోకి నడిచినవాణ్ణి గనుక గంట ప్రకారం నడుచుకోవడం నాకు కొత్త కాదు. అయినా 2023లో ఇక్కడ చేరిన తొలి నెలల్లో ఆ గంట వినపడగానే దుప్పటి ముఖం మీదికి లాక్కొని నిద్రపోతున్నట్లు నటించేవాణ్ణి. అది వ్యాయామానికి రమ్మని పిలిచే గంట. డెబ్బై ఒకటో ఏట నాకు వ్యాయామమేమిటని పైకి వాదించేవాణ్ణి. అసలు కారణం వేరు. దానిని ఎవరికీ చెప్పుకోలేదు.

మా నివాసం విజయవాడ నుండి ఉయ్యూరు వెళ్లే దారికి కొంత లోపలగా, చెరకు తోటల నడుమ ఉంది. నలభైమందిమి ఉంటాము. దీనిని వృద్ధాశ్రమమంటే మాలో కొందరు నొచ్చుకుంటారు. నాకు ఆ పట్టింపు లేదు. వానప్రస్థాన్ని కూడ ఆశ్రమమనే అన్నారు గదా! మాలో తమంతట తాము వచ్చినవారున్నారు, పిల్లలు తెచ్చి దింపి వెళ్లినవారున్నారు. తల్లిదండ్రుల పోషణ సంతానం బాధ్యతేనని 2007లో చట్టం వచ్చింది. చట్టం వల్ల నెలనెలా సొమ్ము రావచ్చు. సాయంకాలం పూట పక్కన కూర్చొని నాలుగు మాటలు మాట్లాడే మనిషి చట్టం వల్ల రాడు. ఆ సంగతి ఇక్కడివారందరికీ తెలుసు గనుక ఎవరూ దాన్ని గురించి ఎక్కువగా మాట్లాడరు.

నా భార్య 2021లో గతించింది. మరుసటి ఏడు వానాకాలంలో ఒక తెల్లవారుజామున స్నానాలగదిలో జారిపడ్డాను. ఎముకలేవీ విరగలేదు. వైద్యుడు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి, "మీరు అదృష్టవంతులు" అన్నాడు. ఆ తరువాతనే నా కష్టం మొదలైంది. నడిస్తే పడతానేమోనని నడక తగ్గించాను. నడక తగ్గేసరికి తొడల కండరాలు క్షీణించాయి. అవి క్షీణించినకొద్దీ నిజంగానే తూలసాగాను. తూలిన ప్రతిసారీ భయం మరికొంత పెరిగేది. నేను బోధించినది భౌతికశాస్త్రం. వస్తువు గరిమనాభి నుండి గీసిన నిలువు గీత దాని ఆధారం లోపల పడినంతకాలం ఆ వస్తువు ఒరిగిపోదని నల్లబల్ల మీద బొమ్మ గీసి ఎన్ని వందలమందికి చెప్పానో! నా గీత ఎక్కడ పడుతున్నదో నాకే తెలియని రోజులు వచ్చాయి. నలుగురి ఎదుట పడిపోతానన్న భయమే నేను దుప్పటి కప్పుకోవడానికి కారణం.

ఒకనాడు పక్క గదిలో ఉండే పోస్టుమాస్టరు గారు బలవంతాన నన్ను హాలులోకి తీసుకొనిపోయారు. ఆయన తపాలా శాఖలో పనిచేసి విరమించినవారు, నాకంటే మూడేళ్లు పెద్ద. ఆయన నన్ను మాస్టారూ అంటారు, నేను ఆయనను మాస్టారూ అంటాను. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఇద్దరమూ పలుకుతాము. హాలులో ఒక యువకుడు మా చేతుల్లో రంగు బుడగలు పెట్టి, "తాతయ్యలూ, చప్పట్లు కొట్టండి! వెరీ గుడ్!" అంటూ పసిపిల్లలను ఆడించినట్లు ఆడించాడు. ఆ కుర్రవాడిలో దురుద్దేశమేమీ లేదు. నిజానికి గాలిలోకి ఎగిరిన బుడగను చూపుతో వెంబడించి చేత్తో తట్టడం కంటికీ భుజానికీ మంచి అభ్యాసమేనని తరువాత తెలుసుకున్నాను. ఆనాడు మాత్రం నాకు తల కొట్టేసినట్లయింది. బుడగను కుర్చీలో వదలి గదికి వచ్చేశాను. వయసు పైబడ్డవారికి ఏదైనా నేర్పదలచిన యువతరం ముందుగా గ్రహించవలసిన విషయమిది. మా మోకాళ్లు బలహీనపడ్డాయి గాని అభిమానం బలహీనపడలేదు.

ఆ మరుసటి నెలలో వారానికి రెండుసార్లు వచ్చే ఫిజియోథెరపిస్టు ఒకామె నియమితురాలైంది. ఆమె చప్పట్లు కొట్టమనలేదు. గోడకు ఆనించిన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, చేతులు రెండూ గుండెల మీద అడ్డంగా పెట్టుకోమని, 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి నిలబడగలనో లెక్కపెట్టింది. ఏడుసార్లు లేచాను. "మీ వయసు పురుషులు పన్నెండుకు తక్కువగా లేస్తే పడిపోయే ప్రమాదం ఎక్కువని భావిస్తాము సార్" అని నెమ్మదిగా చెప్పింది. ఉపదేశాలు ఎన్ని విన్నా కదలనివాణ్ణి, ఆ అంకె విని కదిలాను. జీవితమంతా విద్యార్థులకు మార్కులు వేసినవాడికి ఏడు మార్కులంటే ఏమిటో వేరే చెప్పాలా?

మనిషి తూలకుండా నిలబడటానికి మూడు చోట్ల నుండి సమాచారం మెదడుకు చేరాలని ఆమె వివరించింది. కళ్లు పరిసరాలను చూపుతాయి. లోపలి చెవిలోని అమరిక తల ఎటు వంగిందో చెబుతుంది. అరికాళ్లు, కీళ్లు నేల ఎలా ఉన్నదో తెలియజేస్తాయి. వయసుతో ఈ మూడూ మందగిస్తాయి. చీకటిలో తడి నేల మీద కాలు పెట్టినప్పుడు వీటిలో రెండింటి సాయం ఒక్కసారిగా తప్పిపోతుంది. నేను పడిన తెల్లవారుజామును ఆమె చూచినట్లే చెప్పింది. అరవై అయిదు దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలనీ, వారంలో మూడు రోజులైనా సమతౌల్యాన్నీ బలాన్నీ పెంచే అభ్యాసాలు అందులో ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంతా విని తల ఊపాము. వారం తిరగకుండానే సగంమంది మానివేశారు. గోడ పట్టుకొని మడమలెత్తి దించడం, కుర్చీలో కూర్చొని కాలు చాచడం మంచివే, కాని విసుగు పుట్టిస్తాయి. మేలు చేస్తుందని తెలిసినంత మాత్రాన మనిషి ఏ పనీ చేయడు. అలా చేసేవాడైతే నా విద్యార్థులందరూ రోజూ పాఠం చదివి ఉండేవారు.

విసుగును పోగొట్టినది మామ్మగారు. ఎనభై ఏళ్లు దాటిన ఆమె బడి ముఖం చూడలేదు. పెళ్లికాకముందు తమ ఊరి కోలాటం జట్టులో ఆడేదట. ఒక సాయంత్రం ఆమె వంటవాని చేత రెండు కర్రముక్కలు నున్నగా చెక్కించి, వరండాలో కూర్చొని ఒక్కతే తాళం వేస్తున్నది. చప్పుడు విని ఒక్కొక్కరం చేరాము. "చూస్తా నిలబడ్డారేంది మాస్టారూ? కాలు తడబడుతుందని భయమైతే కూచుని ఆడండి. చేతులకేమయింది?" అన్నది. ఆ భయాన్ని అంతవరకూ ఎవరూ పైకి అనలేదు. ఆమె అనేసింది. అనగానే అందులో సగం పోయింది.

వారంలో ఇరవై జతల కోలలు వచ్చాయి. కుర్చీలను రెండు వరుసలుగా ఎదురెదురుగా వేసుకున్నాము. నా ఎదుట పోస్టుమాస్టరు గారు. నా రెండు కోలలూ తాకాలి, తరువాత కుడి కోలు ఆయన కుడి కోలును తాకాలి, మళ్లీ నా రెండూ, ఆపైన ఎడమ కోలు. చెప్పుకోవడానికి తేలిక. పాట వేగం పెంచిందా, నా కోలు ఆయన వేళ్ల మీద పడేది. "ఇది తపాలా ముద్ర అనుకున్నారా మాస్టారూ?" అని ఆయన చేయి విదిలించుకుంటూ నవ్వేవారు. ఎదుటివాని వేళ్లు కాపాడవలసి ఉన్నందున మనసు మరెక్కడికీ పోదు. చేయి శరీరాన్ని దాటి అవతలి పక్కకు చాచాలి, నడుము తిరగాలి, వరుస జ్ఞాపకం ఉంచుకోవాలి, పక్కవారి చప్పుడుతో కలవాలి. ఫిజియోథెరపిస్టు ఒకరోజు మూల నిలబడి చూసి, తాను చేయించదలచినవన్నీ ఇందులోనే ఉన్నాయని సంతోషించింది. తరువాత ఆమె, మామ్మగారు కలిసి మమ్మల్ని క్రమంగా లేపారు. మొదట కుర్చీ వీపు ఒక చేత్తో పట్టుకొని, ఒకే కోలుతో. పిమ్మట చేయి వదలి, కుర్చీని మాత్రం వెనుక ఉంచుకొని. నాలుగైదు నెలలకు వలయంగా నడుస్తూ. జడ కోలాటం కట్టించాలని మామ్మగారి కోరిక. తాళ్లు కాళ్లకు చుట్టుకుంటాయని ఫిజియోథెరపిస్టు అంగీకరించలేదు. ఆ వివాదం ఇంకా తేలలేదు.

కోలాటం వెంట మరికొన్ని వచ్చిచేరాయి. వేళ్లు బిగుసుకుపోయినవారు వామనగుంటలు తీశారు. పద్నాలుగు గుంటల్లో చింతపిక్కలు ఒక్కొక్కటిగా జారవిడవడం కంటే వేళ్లకు మంచి పని ఏముంటుంది? అష్టాచెమ్మ బల్ల వద్ద మాత్రం శాంతి లేదు. గవ్వ బోర్లాపడిందా, వెల్లకిలా పడిందా అని ఇద్దరు పెద్దమనుషులు రెండు రోజులు మాట్లాడుకోలేదు. దానిని కూడ ఆరోగ్య లక్షణంగానే భావిస్తాను, ఏమీ పట్టనివాడు పోట్లాడడు గదా! నడుము వంచలేనివారి కోసం ఇటుకలతో నడుమెత్తు మడులు కట్టి మట్టి నింపితే, వాటిలో గోంగూర, వంగ, బచ్చలి వేసుకున్నారు. నవ్వుల సంఘం పెట్టాలని ఒకరు పట్టుబట్టారు. ముంబైలో మదన్ కటారియా అనే వైద్యుడు 1995లో మొదలుపెట్టిన పద్ధతి అది. కారణం లేకుండా నవ్వడం నాకు చేతకాలేదు. కాని నలుగురు పెద్దలు అంత గంభీరంగా నవ్వు అభినయించడం చూస్తుంటే నిజంగానే నవ్వు వచ్చేది. రక్తపోటు ఉన్నవారు ఊపిరి బిగబట్టకూడదని, ఛాతీలో నొప్పి గాని తల తిరగడం గాని కలిగితే వెంటనే ఆపి చెప్పాలని, జారే చెప్పులతో ఎవరూ ఆడరాదని నియమాలు పెట్టుకున్నాము. మొదటి రెండింటినీ పాటిస్తారు. చెప్పుల దగ్గరే పేచీ.

అక్టోబరు 1వ తేదీని వయోవృద్ధుల దినంగా జరపాలని ఐక్యరాజ్యసమితి 1990లో తీర్మానించింది. 2024లో ఆ రోజున మేము తొలిసారి బయటివారి ఎదుట నిలబడి ఆడాము. వచ్చిన అతిథులు మాకు శాలువాలు కప్పారు. ఆ ఉక్కలో శాలువా ఎందుకో నాకు ఏనాడూ బోధపడలేదు. అంతకు కొద్ది రోజుల ముందే ఫిజియోథెరపిస్టు మళ్లీ కుర్చీ పరీక్ష పెట్టింది. నాకు పదమూడు, పోస్టుమాస్టరు గారికి పన్నెండు. ఆయన ఆ అంకెను తమ కుమారునికి ఫోనులో చెబుతుంటే విన్నాను. కొలువు దొరికిన కుర్రవాని గొంతులా ఉంది.

సంక్రాంతికి ఆ కుమారుడు వచ్చాడు. మంచివాడు. తండ్రి ఇక్కడ ఉండటం అతనికి ఎప్పుడూ మనసుకు కష్టంగానే ఉండేదట. హైదరాబాదులో సొంత ఇల్లు కొనుక్కున్నామని, నాన్నగారికి ప్రత్యేకంగా గది ఉంచామని చెప్పి తీసుకొని వెళ్లాడు. మేమందరం గేటు దాకా వెళ్లి సాగనంపాము. కన్నవారిని పిల్లలు మళ్లీ ఇంటికి తీసుకుపోవడం మా నివాసంలో అరుదైన శుభకార్యం. ఆయన కోలలు సంచిలో పెట్టుకోవడం చూచాను. నా ఎదుటి కుర్చీలోకి ఒక వారంలోనే మరొకరు వచ్చారు.

ఆయన ఆదివారాలు ఫోను చేస్తారు. ఇల్లు ఎనిమిదో అంతస్తులో ఉన్నదట. కోడలు వేళకు మందులు ఇస్తుంది. కుమారుడు ఖరీదైన నడక యంత్రం కొని గదిలో పెట్టించాడు. "అన్నీ ఉన్నాయి మాస్టారూ. ఎదుట మనిషే లేడు" అన్నారు ఒకసారి. యంత్రం ఎక్కితే నేల తనంతట తాను జరిగిపోతున్నట్లుండి భయం వేస్తున్నదని, అందుచేత దాని మీద తువ్వాళ్లు ఆరవేస్తున్నారని మెల్లగా బయటపెట్టారు. కుర్చీ పరీక్ష ఒంటరిగా చేసుకొని అంకె చెప్పేవారు. ఫిబ్రవరిలో పదకొండు. మార్చి చివరకు తొమ్మిది. ప్రేమకు లోటు లేని ఇంట్లో, ఏ జబ్బూ లేకుండా, మూడు నెలల్లో మూడు అంకెలు! నేను ఆ రాత్రి చాలసేపు నిద్రపోలేదు. మర్నాడు, ఇతరుల ఇంటి విషయంలో తలదూర్చడం నాకు అలవాటు లేకపోయినా, ఆయన కుమారునికి ఫోను చేసి ఉన్నదున్నట్లు చెప్పాను. అతడు కొంతసేపు మౌనంగా ఉండి, "యంత్రం వాడుతున్నారనే అనుకున్నానండి" అన్నాడు.

ఆ ఇంట్లో ఇంటర్మీడియట్ చదివే మనుమడు ఒకడున్నాడు. వేసవి సెలవుల్లో వాడు తాత ఎదుట కుర్చీ వేసుకొని కూర్చున్నాడట. మొదటి రోజు తాత వేళ్ల మీద నాలుగు దెబ్బలు వేశాడని పోస్టుమాస్టరు గారు ఎంతో ఆనందంగా చెప్పారు. నెల రోజుల్లో అంకె పదికి చేరింది, ఆపైన పదకొండు. మనుమడు సెకన్లు లెక్కపెడుతుంటే ఫోనులో నాకు వినిపించేవారు.

మొన్న ఆదివారం ఆయన గొంతు కొంచెం తగ్గింది. పిల్లవాడు రెండో సంవత్సరంలోకి వచ్చాడు, తెల్లవారకముందే వెళ్లి చీకటి పడ్డాక వస్తున్నాడు, కోలలు బీరువాలో ఉన్నాయన్నారు.

"పరీక్షలు ఎప్పుడు పూర్తవుతాయి?" అని అడిగాను.

"మార్చిలో ఇవి. ఆ తరువాత ప్రవేశ పరీక్షలట మాస్టారూ."

"సరే, అంతవరకు కుర్చీలోంచి లేచి కూర్చోవడం మానకండి. ఇప్పుడే మొదలుపెట్టండి, నేను లెక్కపెడతాను" అన్నాను.

ఆయన ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడయింది. తరువాత కుర్చీ గోడ వైపు జరిపిన చప్పుడు. నేను గడియారం వైపు చూస్తూ, "ఒకటి" అన్నాను.