యాడి అంటే అమ్మ

మాది పుంగనూరు దగ్గర సుగాలి తండా. మా అన్న చిన్న కూతురికి మూడేళ్లు నిండగానే అంగన్‌వాడీకి పంపారు. మొదటిరోజు పిల్ల గుమ్మం దగ్గరే నిలబడి "యాడి, యాడి" అని ఏడ్చింది. మా గోర్‌బోలిలో యాడి అంటే అమ్మ. టీచరమ్మ మంచి మనిషే. పిల్లను ఎత్తుకుని, "యాడికీ పోవద్దులే, ఈడనే ఉండు, గుడ్డు పెడతా" అనింది. మా పక్క తెలుగులో యాడ అంటే ఎక్కడ కదా! సాయంత్రం ఈ సంగతి విని ఇంట్లో అందరూ నవ్వారు. మా అమ్మ మాత్రం నవ్వలేదు.

రెండు నెలలు ఆ పిల్ల అక్కడ నోరు తెరవలేదు. పాణి అని అడిగితే మాత్రం నీళ్లిచ్చేవారు. పుంగనూరులో ఉర్దూ వినని వాళ్లెవరు? మిగతా మాటలకు ఆ అదృష్టం లేదు. "బిడ్డకు మాటలు సరిగా రాలేదు, ఆస్పత్రిలో చూపించండి" అని చివరకు కబురొచ్చింది. ఇంట్లో చూస్తే అదే పిల్ల మేకపిల్లను కూడా వదలకుండా కబుర్లు చెబుతుంది.

అంగన్‌వాడీని నేను తక్కువ చేసి మాట్లాడను. మా అమ్మ నన్ను చెట్టుకు చీరతో ఉయ్యాల కట్టి టమాటా తోటలో కూలి చేసింది. నాకు గుడ్డు, టీకా వేళకు అందించినవాళ్లు లేరు. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ ఆ పని చేస్తోంది. కానీ బిడ్డ బరువు తూచినంత శ్రద్ధగా బిడ్డ మాట వినడం లేదు.

కుప్పంలో మా వదిన చెల్లెలు ఉంది. తమిళనాడు, కర్ణాటక రెండూ ఆనుకున్న ఊరు అది. అక్కడి టీచరమ్మ తమిళం మాట్లాడే పిల్లలు వస్తే తనకు తెలియకుండానే తమిళంలోకి దిగిపోతుందట. ఎవరూ దాన్ని గొప్పగా చెప్పుకోరు. మా భాషకు ఆ పాటి మర్యాద చాలు.

ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కొన్ని బడుల్లో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టారు. అందులో బంజారా కూడా ఉంది. అయితే అది ఒకటో తరగతి నుంచి. అప్పటికే మా పిల్లలు మూడేళ్లు మౌనం నేర్చుకుని ఉంటారు. న్యూజిలాండ్‌లో మావోరీలు 1982లో ఇంకా కిందినుంచి మొదలుపెట్టారు. బడి వయసు రాని పిల్లల మధ్య తమ ముసలివాళ్లను కూర్చోబెట్టి, అక్కడ అంతా మావోరీలోనే మాట్లాడించారు. దానికి వాళ్లు పెట్టిన పేరుకు అర్థం భాషాగూడు. అది చదివి అమ్మకు చెప్పాను. "దానికి అంత దూరం పోవాల్నా? నేను లేనా?" అనింది.

మరుసటి వారం నుంచి పొద్దున రెండు గంటలు అమ్మ కేంద్రంలో కూర్చుంటోంది. టీచరమ్మ కాదనలేదు. అమ్మ కాకి కథ గోర్‌బోలిలో చెబితే, టీచరమ్మ అదే తెలుగులో చెబుతుంది. నాలుగోరోజు కాకి ఎగిరిపోయే చోట అమ్మ ఆగితే, మా పిల్ల అందుకుని మిగతాది చెప్పేసింది. తెలుగు పిల్లలు కూడా మా మాటలు పట్టేస్తున్నారు, అవి అప్పుడప్పుడు తిట్లు కూడా!

ఇక టమాటా కోతలు వస్తున్నాయి. అమ్మ కూలి వదులుకోలేదు. 2005 ఉపాధి హామీ చట్టంలో, పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు ఉంటే వాళ్లను చూసుకునే ఆడమనిషికి కూలి ఇవ్వాలని రాశారు. అలాగే తండా పిల్లలున్న ప్రతి కేంద్రంలో ఒక అవ్వకు రెండు గంటల కూలి కట్టివ్వమని అర్జీ రాశాం. మా తండా నుంచి ఇప్పటికి పదకొండు వేలిముద్రలు పడ్డాయి.