కెమిస్ట్రీ చదివే పిల్లలకి డబ్బు ఎక్కడ దొరుకుతుంది?

ఈసారి చెరకు గురించి కాదు, పిల్లల చదువు గురించి రాస్తున్నాను. కాస్త పొడుగు పోస్టే. ఇంటర్ చదివే పిల్లలున్నోళ్ళు చివరిదాకా చదవండి.

మా పాప ఇంటర్ అయ్యాక బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతానంది. "ఇంజనీరింగ్ మానేసి అదేటండీ" అన్నారు ఊళ్ళో. నాకైతే అది మనకి తెలియని చదువు అనిపించలేదు. బెల్లం వండేటప్పుడు పెనంలో సున్నం ఎందుకేస్తాం? హైడ్రోస్ వేస్తే రంగు ఎందుకు తేలుతుంది? చెరకు రసం బ్రిక్స్ ఎందుకు చూస్తారు? అంతా కెమిస్ట్రీయే. ఇప్పుడు పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురం సెజ్ మన జిల్లాలోనే ఉన్నాయి. అక్కడి ల్యాబుల్లో అడిగేది ఈ చదువే. 2024 ఆగస్టులో అచ్యుతాపురం ప్రమాదంలో 17 మంది పోయారు, మనం మర్చిపోలేం. రియాక్టరులో ఏం జరుగుతుందో బాగా చదువుకున్నోళ్ళు అక్కడ ఇంకా ఎక్కువమంది ఉండాలని నాకనిపిస్తుంది.

సరే, డబ్బు సంగతి. ఎకరంన్నర చెరకు మీద ఎంత మిగులుతుందో మీకు చెప్పక్కర్లేదు. అందుకే నాలుగు దారులు కనుక్కున్నాను.

ఒకటి, మన రాష్ట్రం ఫీజు రీయింబర్స్‌మెంట్. జ్ఞానభూమి పోర్టల్లో ఉంటుంది. ఇప్పటిదాకా నడిచిన నిబంధనల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు, భూమి మాగాణి 10 ఎకరాలు, మెట్ట 25 ఎకరాల లోపు ఉండాలి. మనలో చాలామంది ఇందులోకి వస్తాం. హాస్టల్ ఖర్చులకి డిగ్రీ పిల్లలకి ఏడాదికి 20,000 లెక్క. సీటు కన్వీనర్ కోటాలోనే రావాలి. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఇది రాదు, జాగ్రత్త.

రెండోది కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్. ఇంటర్లో బోర్డు మొత్తం మీద పై 20 శాతంలో ఉండాలి. ఆదాయం 4.5 లక్షల లోపు. డిగ్రీ మూడేళ్ళూ ఏడాదికి 12,000, పీజీలో 20,000. సగం ఆడపిల్లలకే. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో పెట్టుకోవాలి. ఒక మెలిక ఉంది: ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటే ఇది తీసుకోకూడదు. లెక్క వేసుకుని ఒకటి ఎంచుకోండి. ఆదాయం 2.5 లక్షలు దాటినోళ్ళకి ఇదే పనికొస్తుంది.

మూడోది ఇన్‌స్పైర్. కెమిస్ట్రీ, ఫిజిక్స్ లాంటి సైన్సు చదివేవాళ్ళకే. బీటెక్, ఫార్మసీ వాళ్ళకి రాదు. బోర్డులో పై 1 శాతంలో ఉన్న పిల్లలకి ఏడాదికి 80,000. అందులో 60,000 చేతికి, 20,000 వేసవి ప్రాజెక్టుకి. ప్రకటన వచ్చినప్పుడే పెట్టాలి కాబట్టి పిల్లలకి చెప్పి కనిపెట్టుకుని ఉండండి.

నాలుగోది పీజీ తర్వాత. సీఎస్ఐఆర్ నెట్ రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే నెలకి 37,000 ఇస్తూ పీహెచ్‌డీ చదివిస్తారు. మన పిల్లలకి ఈ ముక్క చెప్పేవాళ్ళే లేరు. పీజీ అవ్వగానే చదువు ఆపించేస్తున్నాం.

కాగితాల పని: పిల్లల పేరు మీద బ్యాంకు ఖాతా, దానికి ఆధార్ లింకు. ఆదాయ ధ్రువపత్రం సచివాలయంలో జూన్‌లోనే తీసేయండి. హాజరు 75 శాతం తగ్గకూడదు. దరఖాస్తు పెట్టాక కాలేజీ వాళ్ళు ఆన్‌లైన్లో ఆమోదించారో లేదో మీరే వెళ్ళి అడగండి. అక్కడే చాలా ఆగిపోతాయి.

డబ్బు ఆలస్యమైతే ఏం చేస్తారని చేరేముందే కాలేజీని అడగండి. మా అన్నయ్య కొడుక్కి రీయింబర్స్‌మెంట్ పడలేదని ఒక ప్రైవేటు కాలేజీ సర్టిఫికెట్లు ఆపేసింది. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి విడిపించుకున్నాం. ఈలోగా వచ్చిన ఉద్యోగం పోయింది.

సాయం తీసుకోవడం నామోషీ అనుకోకండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు నూరేళ్ళ కిందట అమెరికా వెళ్ళినప్పుడు కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది, మామగారు కొంత డబ్బు కూర్చారు. క్యాన్సర్‌కి ఈరోజుకీ వాడే మెథోట్రెక్సేట్ మందు వెనక ఆయన పని ఉంది. మన అనకాపల్లిలో ఏఎంఏఎల్ కాలేజీ పెట్టింది కూడా వర్తక సంఘమే. మనం గానుగాడి బెల్లం వండి మార్కెట్టుకి తోలితేనే కదా ఆ వర్తకం నడిచింది.

మీ వీధిలో ఇంటర్ రెండో ఏడాది పిల్లలుంటే ఇది చదివి వినిపించండి. ఫోను లేని ఇల్లైతే ఓసారి నడిచి వెళ్ళి చెప్పండి. ఉంటాను.